యర్రయ్య బావ జవాబు కాగితం

యాభై ఏడో ఏట మా బావ యర్రయ్యకు చర్చిలో బోధకుడవ్వాలని పట్టుదల పుట్టింది. పుట్టిందని నేను అనుకున్నాను గానీ, ఆ కోరిక ఆయనలో ముప్ఫై ఏళ్లుగా ఉన్నదేనట.

"ఇంకో రెండేళ్లలో రిటైరైపోతావు. ఇప్పుడు బోధకుడేటి బావా? సుబ్బరంగా ఇంటికాడ కూకోక" అన్నాను.

"నీకు తెల్దురా గోపాలం" అన్నాడు. అంతే. ఆ మనిషితో ఎప్పుడూ ఇదే బాధ. మూడు మాటల్లో మన నోరు మూయించేస్తాడు.

భిలాయి స్టీల్ ప్లాంటులో ఆయన క్రేన్ ఆపరేటరు. ఆ క్రేన్ కిందే నా పని. ప్లేట్లకు కొక్కేలు తగిలించి, ఎత్తమనీ దించమనీ చేత్తో సైగ చేసేవాణ్ని. పైన క్యాబిన్‌లో బావ పెదవులు ఎప్పుడూ కదులుతూనే ఉండేవి. పాటలు పాడుకుంటున్నాడని ఇరవై ఏళ్లు అనుకున్నాను. కాదు, ప్రసంగాలు చెప్పుకుంటున్నాడని మా అచ్చమ్మక్క చెబితే తెలిసింది. ఆ మిల్లు మోతలో ఆయన మాట కింద ఒక్కడికీ వినబడదు. అందుకే అక్కడ అంత ధైర్యం.

అక్క ఒకసారి చావుదాకా వెళ్లి తిరిగొచ్చింది. ఆ ఏడే ఇద్దరూ బాప్తిస్మం తీసుకున్నారు. నేను మాత్రం మా దేవుళ్లతోనే ఉండిపోయాను. ఆ విషయంలో మా మధ్య ఎప్పుడూ తగువు లేదు. తగువంతా వాళ్ల చర్చి నిబంధనలతోనే వచ్చింది.

సెక్టర్ 7లో వాళ్ల క్వార్టరుకు నాలుగు వీధుల అవతల రేకుల కప్పుతో ఓ చిన్న తెలుగు చర్చి ఉంది. అక్కడ ఎవరైనా లేచి ఐదు నిమిషాలు సాక్ష్యం చెప్పుకోవచ్చు. పుల్పిట్ ఎక్కి ప్రసంగించాలంటే మాత్రం కోస్తాలో ఉన్న వాళ్ల పెద్దాఫీసు పెట్టే పరీక్ష పాసవ్వాలి. రెండేళ్లకోసారి పెడతారు. వయసు యాభై ఎనిమిది దాటితే రాయనివ్వరు. అంటే తొంభై ఆరులో జరిగేదే మా బావకు మొదటిదీ చివరిదీ.

పరీక్షకు ముందు నలభై ఆదివారాలు తరగతులకు వెళ్లాలి. షిఫ్టు డ్యూటీ వాడికి నలభై ఆదివారాలు ఎక్కడివి? కనబడినవాడినల్లా బతిమాలి డ్యూటీలు మార్చుకున్నాడు. ఎవడికీ అక్కర్లేని నైట్ షిఫ్టులన్నీ తన నెత్తిన వేసుకున్నాడు. పొద్దున్నే ఎర్రబడ్డ కళ్లతో ఇంటికొచ్చి, స్నానం చేసి, అటునుంచటే తరగతికి పరిగెత్తేవాడు. మధ్యాహ్నం అక్క వాక్యం చదివి వినిపిస్తుంటే కునికిపాట్లు పడుతూనే కంఠస్థం చేసేవాడు.

అక్కే ఎందుకు చదవాలంటే, మా బావకు తెలుగు అచ్చు చదవడం రాదు. చీపురుపల్లి పక్క నుంచి పద్దెనిమిదేళ్లకు ఒక్క అక్షరం లేకుండా భిలాయి వచ్చాడు. కార్మికుల సాయంకాలం బడిలో హిందీ అక్షరాలు నేర్చుకున్నాడు. మాట్లాడేది తెలుగు, రాసేది ఆ అక్షరాలతో. ఊరికి రాసే ఉత్తరాలు మాత్రం అక్క రాసేది. ఆ చర్చిలోనూ సగం మంది సంగతి ఇదే. వాళ్ల పాటల నోటుపుస్తకం తెరిచి చూడండి, తెలుగు పాటలన్నీ హిందీ లిపిలోనే ఉంటాయి. భిలాయిలో అదేమీ వింత కాదు.

పరీక్ష రాసినవాడు ఆయనొక్కడే. పాస్టరు గురునాథరావు గారు ప్రశ్నలు చదివి వినిపించారు, అది పద్ధతే. బావ మూడు గంటలు వంచిన తల ఎత్తకుండా రాశాడట. ఆఖరి ప్రశ్న, కష్టజీవుల కోసం ఒక ప్రసంగం రాయమని. రాయడం అయ్యాక పాస్టరు గారు కాగితాలు చూడకుండానే కవర్లో పెట్టి లక్క వేశారు. అదీ పద్ధతేనట!

మూడు నెలలకు కవరు తిరిగొచ్చింది. లోపల జవాబు కాగితాలూ, వాటి మీద ఒక చీటీ. 'అభ్యర్థి తెలుగులో వ్రాయవలెనను నిబంధన పాటించనందున ఈ పత్రము దిద్దబడలేదు.'

అక్క చదివి వినిపించింది. బావకు ముందు అర్థమే కాలేదు.

"తెలుగే గదా రాసేను?" అన్నాడు. మళ్లీ అన్నాడు. "అచ్చమ్మా, నాను తెలుగే గదే రాసేను?"

నాకు ఒళ్లు మండిపోయింది. సైకిలెక్కి తిన్నగా పాస్టరు గారింటికి వెళ్లాను.

"ఏటండీ ఈ అన్నేయం? మా బావకి ఏ అచ్చరాలొచ్చో మీకు తెల్దా? ఒక్క ముక్క ముందు సెప్పుంటే మా అక్క నేర్పును గదా!"

"నాకు తట్టలేదయ్యా గోపాలం. రోజూ చూసేదే కదా, తప్పని తోచలేదు. ఇప్పుడు నేను తెలుగులో ఎత్తి రాసి పంపినా వేరేవాళ్ల చేతిరాత ఒప్పుకోరు."

"అయితే రూల్సుకి మొక్కండి!" అని వచ్చేశాను. పాపం, ఆయన మొహం కూడా పాలిపోయింది. అయినా నా కోపం తగ్గలేదు.

బావ చర్చికి వెళ్లడం మానలేదు గానీ, వెళ్లి ఆఖరి బెంచీలో కూర్చునేవాడు. క్రేన్ పైన పెదవులు కదలడం ఆగిపోయింది. ఒకరోజు టీ తాగుతూ, "దేవుడికి హిందీ అచ్చరాలు రావంటావేట్రా?" అన్నాడు.

ఆ తర్వాత చర్చిలో యువజన ఆదివారం వచ్చింది. ఆ ఒక్కరోజు పిల్లలు పుల్పిట్ ఎక్కి ఏదైనా చదవొచ్చు, దానికి పరీక్ష లేదు. పాస్టరు గారమ్మాయి బిందుప్రియకు పదిహేడేళ్లు, తెలుగు లిపి రాదు. అక్కడ చెప్పడానికి ఏదైనా నోటికి నేర్పమని అక్క దగ్గరికి వచ్చింది. బల్ల మీద బావ కాగితాలు కనబడ్డాయి.

"అరే తాతా, ఇది నాకు చదవడం ఆతా హై! హిందీ అక్షరాలే కదా. నేను ఇదే చదువుతా."

"నీ ఇష్టం" అన్నాడు బావ గోడకేసి చూస్తూ.

ఆ ఆదివారం నేనూ వెళ్లాను. ఆ పిల్ల బావ ప్రసంగం చదివింది. బైబిల్లోని కథ, రాత్రంతా వల వేసి ఒక్క చేపా దొరకని జాలరులది. నైట్ షిఫ్టు దిగి ఇంటికెళ్లేవాడి ఒళ్లు ఎలా ఉంటుందో అలాగే రాశాడు. పడుచువాళ్లంతా బొమ్మల్లా విన్నారు. తెల్లారింది, వల కడిగేశారు, అన్నచోట పేజీ అయిపోయింది. ఆ పిల్ల ఆమెన్ చెప్పి కాగితాలు మడవబోయింది.

"ఆపకు!"

చర్చంతా వెనక్కి తిరిగింది. ఆఖరి బెంచీ దగ్గర బావ నిలబడి ఉన్నాడు.

"అక్కడాపితే ఎలాగమ్మా? ఎనకాల ఉంది, తిప్పు. కడిగేసిన వల మల్లీ ఏసేరు. అది సదువు!"

ఆ పిల్ల కాగితం తిప్పి చదివింది. అయిపోయేదాకా బావ నిలబడే ఉన్నాడు. గురునాథరావు గారు తలెత్తలేదు.

తిరిగొస్తుంటే, "బావా, అందరూ ఎలా విన్నారో సూసేవా?" అన్నాను.

"సూసేన్రా. నా కాయితం ఎక్కింది. నానెక్కనేదు" అని చెప్పులు విదిలించుకుంటూ ముందుకు నడిచాడు.

ఆయన సర్వీసు ఇంకా నాలుగు నెలలుంది. మర్నాడు పొద్దుటి షిఫ్టులో కొక్కెం తగిలించి, ఎత్తమని చెయ్యి ఊపాను. క్రేన్ కదల్లేదు. విసుగొచ్చి పైకి చూశాను. బావ నన్ను చూడటం లేదు, ఆయన పెదవులు కదులుతున్నాయి. చెయ్యి దించేసి, ఆయన ముగించేదాకా అక్కడే నిలబడ్డాను.