లాక్ పట్టని మదర్‌బోర్డు

మొన్న బందరులో కంప్యూటర్ల షాపుకెళ్ళి, మా పాత డెస్క్‌టాప్‌కి మదర్‌బోర్డు మార్పించాలని అడిగితే, కౌంటర్లో ఉన్నావిడ ఫోన్లో పది పన్నెండు బోర్డుల బొమ్మలు చూపించి, ఒక్కోదాని కింద జనం రాసిన అభిప్రాయాలు చదువుకోమంది. ఒకరు బాగుందన్నదాన్నే ఇంకొకరు దండగన్నారు. అరగంటకే కళ్ళు లాగేసి, మీరైతే ఏది తీసుకుంటారమ్మా అని అడిగాను. "మేం చెప్పకూడదండీ, రేపు తేడా వస్తే మమ్మల్నంటారు," అంది. ఆవిడదీ తప్పు కాదు. మళ్ళీ వస్తానని చెప్పి ఆటో ఎక్కాను. ఈమధ్య ఏ పనికెళ్ళినా అలాగే చెప్పి వచ్చేస్తున్నాను.

వయసులో ఉండగా బందరు కోర్టుల దగ్గర మా పెద్దమ్మ కొడుకు, అన్నయ్య, నడిపే డీటీపీ సెంటర్లో చాలా ఏళ్ళు తెలుగు టైపు చేశాను. పగలంతా దావా కాగితాలు, శుభలేఖలు. జనం పల్చబడ్డాక మా నాన్నగారి ప్రసంగాలు. ఆయన నాగాయలంక దగ్గర ఒక చిన్న క్రైస్తవ సంఘానికి ఉపదేశి. ఆదివారాల కోసం రాసుకున్న నోటు పుస్తకాలు, ఇంట్లోకి నీళ్ళొచ్చిన ఏడు తడిసి సిరా పాకిపోయి, ఆయన బందరొచ్చి పక్కన కూర్చుని చదివి చెబితే తప్ప నాకు అర్థమయ్యేవి కావు. అప్పటికే ఆయన చూపు మందగిస్తోంది, ఆపరేషనుతో బాగుపడేది కాదన్నారు. చూపుండగానే ప్రూఫు దిద్దుకోవాలని ఆయన కోరిక. ఏడాది పట్టిన టైపింగు పూర్తయి, ఇక ప్రింటు తీయడమే అనుకున్న వారంలో సెంటర్లో కంప్యూటర్ మదర్‌బోర్డు పోయింది.

వాడేది నువ్వే కదా, నువ్వే చూసి తీసుకురా అని అన్నయ్య నన్ను గుడివాడ పంపాడు. అక్కడి షాపాయన అన్నయ్యకి తెలిసినవారు, నేను మావయ్యగారూ అని పిలిచేదాన్ని. మా తెలుగు సాఫ్ట్‌వేర్‌కి ఒక చిన్న లాక్ ఉండేది, దొంగ కాపీలు వాడకుండా కంపెనీవాళ్ళిచ్చే ప్లాస్టిక్ ముక్క. దాన్ని కంప్యూటర్ వెనక, పాత ప్రింటర్ల వైరు పెట్టే వెడల్పాటి పోర్టులో గుచ్చకపోతే ఒక్క పేజీ తెరుచుకోదు. ఆయన కొత్తరకం బోర్డుని మెచ్చుకుంటుంటే నేనడిగింది ఆ పోర్టు గురించే. "ఎందుకుండదమ్మా, అన్నిటికీ ఉంటది," అన్నారు, ఇంకెవరితోనో మాట్లాడుతూనే. పెట్టె విప్పి చూడొచ్చు. పెద్దాయన మాటని అనుమానించినట్టవుతుందని చూడకుండానే, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను.

బిగించాక చూస్తే ఆ పోర్టు లేదు. అన్నయ్య బోర్డుని మళ్ళీ ఊడదీసి, పెట్టెలో సర్ది నా ముందు పెట్టాడు. ఆ సాయంత్రం ఫోన్లో నాన్నగారు ప్రూఫు ఎప్పుడు తెస్తావని అడిగితే, రెండు రోజుల్లో అని అబద్ధమాడాను.

మర్నాడు గట్టిగా అడగాలని దారంతా మాటలు కూర్చుకుంటూ వెళ్ళాను గానీ, తీరా అక్కడికెళ్ళాక బోర్డుని బల్ల మీద పెట్టి, పోర్టు లేదనీ, నాన్నగారి సంగతీ మాత్రం చెప్పాను. మావయ్యగారు కళ్ళజోడు పెట్టుకుని చూశారు. "చూడకుండా చెప్పానమ్మా. తప్పు నాది," అన్నారు. ఆ పోర్టున్న బోర్డు షాపులో ఒక్కటీ లేదు. తను రోజూ వాడుకునే కంప్యూటర్ని ఆపి, విప్పి, దాని బోర్డుని ప్రాసెసరుతో సహా ఊడదీసి, దుమ్ము తుడిచి నా చేతిలో పెట్టారు. మరి మీ పనెలాగండీ అంటే, "నాకేదోటి దొరుకుద్ది. మీ నాన్నగారి కళ్ళు ఆగవు కదా," అన్నారు.

ఆ బోర్డు బాగా నెమ్మది, కానీ లాక్ పట్టింది. నాన్నగారు వరండాలో వెలుతురు పడేచోట కూర్చుని భూతద్దంతో ప్రూఫు దిద్దారు. నేనంత కష్టపడి కొట్టిన పేజీల్లో సగానికి గీతలు పెట్టి, "అప్పట్లో ఎక్కువ మాట్లాడేవాణ్ణమ్మా," అన్నారు. పుస్తకం సన్నగా వచ్చింది. అచ్చయ్యేసరికి ఆయనకి అక్షరాలు ఆనలేదు. అట్ట తడిమి చూసుకుని, అమ్మ చేతికిచ్చి చదవమన్నారు.

ఇప్పుడా లాకులూ లేవు, ఆ పోర్టుతో పనీ లేదు. ఏ బోర్డు ఎలాంటిదో చెప్పడానికి ప్రపంచమంతా ఉంది, చెప్పేవాళ్ళెవరో మాత్రం తెలియదు. చూసుకోవడం, పోల్చుకోవడం, తేల్చుకోవడం, పొరపాటైతే పడటం అన్నీ మనవే. న్యాయమే కావచ్చు. కానీ ఈ వయసులో ప్రతి చిన్నదానికీ అంత ఓపిక చాలడం లేదు. నా ఈడువాళ్ళలో చాలామందికి ఇంతేననుకుంటాను. బోర్డు ఇంకా కొనలేదు. ఎవరైనా ఒకరు, పొరపాటే అయినా సరే, ఇది తీసుకోమ్మా అని నోటితో చెబితే బాగుండుననిపిస్తుంది.