దేవదానం సారు వాయించిన కింది స్వరం

పెంతెకొస్తు దాటిన మంగళవారం, ప్రొద్దుటూరులో మా ఇంటి ముందుగదిలోంచి రేకుడబ్బాలో కందులు గలగలలాడినట్టు చప్పుడు వచ్చింది. దాని మీద సన్నటి కీచుకూతలు. మా చెల్లెలి మనుమరాలు కెజియా కంప్యూటరులో పాత టీవీ గేము పాట ఏదో పెట్టింది. నేను చేతిలో చాట పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఆ కూతల అడుగున మెల్లగా నడుస్తున్న స్వరం నాకు తెలుసు. జమ్మలమడుగులో మా చర్చి కోత పండుగనాడు జనం జొన్నకంకులు, గుమ్మడికాయలు మోసుకుని ముందుకు వస్తుంటే దేవదానం సారు హార్మోనియం మీద వాయించే స్వరం అది. సారు పోయి పదకొండేళ్లు. ఆ స్వరం ఆయనే కట్టాడని సంఘమంతా నమ్మింది, నేను తప్ప. ఇప్పుడు సంఘం కొత్త పాటల పుస్తకం వేస్తోంది. ఆ స్వరం మీద సారు పేరు వేయవచ్చునా అని పాస్టరు అయ్యగారు నన్ను అడిగారు. ఆయన దగ్గర పాడినవాళ్లలో మిగిలింది నేనే. మూడు వారాలుగా జవాబు చెప్పకుండా నాన్చుతున్నాను.

సారు మాకు పాట నేర్పిన మాస్టరు. దేన్నీ ఊరికే నమ్మే మనిషి కాదు. సాధనలో ఎక్కడో అపస్వరం పలికితే మేమందరం పక్కవాళ్ల వైపు చూసేవాళ్లం. ఆయన హార్మోనియం ఆపి, "ఒక్కొక్కరు విడిగా పాడండి" అనేవాడు. తప్పు దొరికేదాకా ఎవరినీ ఇంటికి పంపేవాడు కాదు. నాకు ఎప్పుడూ అందరి గొంతుల అడుగున నడిచే కింది స్వరమే ఇచ్చేవాడు. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"నాకే ఎందుకు సార్ ఇది? ఎవరికీ వినపడదు."

"వినపడదు గాబట్టే నీకిచ్చినా. తప్పు పాడినా ఎవరూ పట్టుకోరు. నిన్ను నువ్వే పట్టుకోవాల. ఆ అనుమానం నీకు పుట్టుకతోనే ఉండాది గదా!"

అందరూ నవ్వారు. తర్వాత పులివెందులలో లెక్కల టీచరుగా పనిచేసినన్నాళ్లూ పిల్లల జవాబు తప్పితే నేనూ ఒక్కొక్క వరుసను విడదీయించాను. అది ఆయన పద్ధతే.

ముప్పై ఏళ్ల కిందట జమ్మలమడుగు బస్టాండు దగ్గర టీవీ గేముల అంగడి ఒకటి తెరిచారు. బడి వదిలాక సారు అందులోకి పోతున్నాడని పుకారు పుట్టింది. సెలవులకు వచ్చిన నాకు అది నచ్చలేదు. యాభై దాటిన మనిషికి అక్కడ ఏం పని? కూరగాయల సంచితో నేరుగా లోపలికే పోయాను. పిల్లలు తెరల ముందు కేకలు వేస్తున్నారు. సారు వెనక గోడకు ఆనుకుని, స్టూలు మీద కళ్లు మూసుకుని కూర్చున్నాడు.

"ఏంది సార్, ఈడ ఏం చేస్తాండారు?"

"వింటాండా."

"ఈ కూతలా?"

"పైకూతలు పిల్లోళ్లకు. నాకు అడుగుది చాలు. నువ్వేందమ్మా, నన్ను కనిపెట్టేకి వచ్చినావా?"

"ఊరికే వచ్చినా."

"ఊరికే వచ్చే మనిషివా నువ్వు! పో, సంచిలో టమాటాలు నలుగుతాండాయి."

ఆ ఏడు కోత పండుగలో కొత్త స్వరం వినిపించింది. అందరూ మెచ్చుకున్నారు. ఆయన హార్మోనియం మూస్తుంటే దగ్గరికి పోయి, "యాడిది సార్ ఇది?" అన్నాను. "దొరికింది" అన్నాడు, అంతే. దాటవేశాడనుకున్నాను. ఆ స్వరం పాడిన ప్రతిసారీ, ఇది ఆయన కట్టింది కాదేమోనన్న అనుమానం నాలో కదిలేది.

అందుకే మంగళవారం కెజియాను వదల్లేదు.

"ఇది అప్పటి పాటేనా? ఎవరన్నా తర్వాత వాయించి పెట్టినారా?"

"రికార్డు కాదవ్వా. ఏ స్వరం ఎంతసేపు మోగాలో ఆ గేము క్యాసెట్టులో రాసిపెట్టి ఉంటుంది. అది చూసి కంప్యూటరు ఇప్పుడు వాయిస్తాంది."

"సొంతంగా ఏమన్నా కలుపుతాందేమో?"

"అబ్బ, నీ అనుమానం! ఇదో, ఒక్కొక్క స్వరాన్ని ఆపొచ్చు. నువ్వే విను."

తెర మీద ఒక్కొక్క గుర్తు తీసేసింది. కందుల చప్పుడు ఆగింది. కూతలు రెండూ ఆగాయి. అడుగు స్వరం ఒంటరిగా మిగిలింది. అది సారు వాయించిందే, సందేహం లేదు. అయితే ఒకచోట గేము స్వరం మొదటికి తిరిగిపోయింది. సారు స్వరం అక్కడ తిరగదు. ఇంకా కిందికి దిగి, కాసేపు నిలిచి, వేరే దారిలో ఇల్లు చేరుతుంది. మళ్లీ మళ్లీ పెట్టించుకుని విన్నాను. ఆ దిగడం గేములో ఎక్కడా లేదు.

వెంటనే అయ్యగారికి ఫోను చేశాను.

"సగం టీవీ గేములో దొరికింది, సగం సారు కట్టినాడు. రెండూ అచ్చు వేయండి."

"పాటల పుస్తకంలో గేము పేరా అమ్మా! పెద్దలు సారు పేరే తీసేయమంటారేమో."

"ఎందుకు తీస్తారు? అంతా నాదేనని ఆయన ఎన్నడూ అనలేదు. దొరికిందని నాతోనే చెప్పినాడు. నమ్మంది నేను."

ఆలోచిస్తామన్నారు. అచ్చయిన పుస్తకం నా చేతికి వచ్చేదాకా ఆ మాటనూ నమ్మను.

ఫోను పెట్టేసరికి కెజియా స్వరాలన్నీ తిరిగి కలిపింది. గది నిండా కూతలు లేచాయి. నేను చాట ఒళ్లో పెట్టుకుని కింది స్వరం అందుకున్నాను. గేము వెనక్కి తిరిగినచోట నేను తిరగలేదు. సారు పోయిన దారినే కిందికి దిగాను.