కుక్కకు వీపు తిప్పి కూర్చున్న డ్రిల్లు సార్

డ్రిల్లు సార్ పోయాడన్న మాట మాకు పాల ప్యాకెట్లు వేసే ఆయన నోట వచ్చింది. పొద్దున్నే మా బండల యార్డు గేటు దగ్గర ప్యాకెట్లు అందిస్తూ, "మీ యార్డుకు దినామూ వస్తాండె కదన్నా, రైలు ట్రాకు అవతల కాలనీ సారు, రాత్రి గుండెనొప్పొచ్చి కర్నూలుకు తీసకపోతాంటే దావలోనే పోయినాడంట" అన్నాడు. మా నాయన అప్పటికే బండ మీద కూర్చుని ఉన్నాడు, కుక్క వైపు వీపు తిప్పి. ఆ మాట విన్నాడు కానీ లేవలేదు. "ఇంకా రాలేదేందబ్బా అనుకుంటాంటి" అని మాత్రం అన్నాడు.

డెబ్బై దాటిన మనిషి పొద్దున్నే కుక్కకు వీపు తిప్పి కూర్చోవడమేమిటని మీకు అనిపించవచ్చు. అది సార్ మా నాయనకు పెట్టిన పని. ఆ పని ఏమిటో, ఎందుకు పెట్టాడో చెబితే ఆయన ఎలాంటి మనిషో మీకు తెలుస్తుంది. ఆయన గురించి వేరే గొప్పలు చెప్పడం నాకు చేతకాదు, చెబితే ఆయనకు నచ్చదు కూడా.

డోన్‌లో మా హైస్కూలు పిల్లలందరికీ ఆయన డ్రిల్లు సారే. గ్రౌండులో ఆయన అటెన్షన్ అని అరిస్తే, గోడ అవతల గడ్డి మేసే బర్రెలు కూడా తలెత్తి నిలబడేవని చెప్పుకునేవాళ్లం. అంత గొంతున్న మనిషి కుక్క దగ్గర మాత్రం గొంతు పెంచింది నేను చూడలేదు. మెడలో విజిల్ ఉండేది, దాన్ని కుక్కల కోసం ఎప్పుడూ ఊదలేదు. నిక్కరు జేబులో గుప్పెడు బొరుగులు ఉండేవి, అవి గ్రౌండులో తిరిగే ముసలి ఆడకుక్కకు. కారం అంటే ఆయనకు పడదు. మా సీమలో పుట్టి బొరుగుల ఉగ్గానిలో పచ్చిమిరపకాయలు ఏరి పక్కన పెట్టే మనిషిని నేను ఆయన్నొక్కడినే చూశాను, దానికి మేమంతా వెనకాల నవ్వేవాళ్లం.

ఒకసారి మా క్లాసువాడు ధైర్యం చేసి అడిగాడు, మమ్మల్ని అరుస్తారు, కుక్కనేమో బుజ్జగిస్తారు, ఎందుకు సార్ అని. సార్ వాడిని ఎగాదిగా చూసి, "నీకు నా మాట అర్థమైతాది, అయినా వినవు. దానికి అర్థం కాదు, అయినా వింటాది. ఎవర్ని అరవల్లో నువ్వే చెప్పు" అన్నాడు. ఆ రోజు మా క్లాసంతా గ్రౌండు చుట్టూ పరుగెత్తాం.

మాది బండల యార్డు. బేతంచెర్ల బండలు, కడప నల్లబండలు కోయించి, పాలిష్ పట్టించి అమ్ముతాం. కర్నూలు రోడ్డు పొడుగునా ఇట్లాంటి యార్డులు చాలా ఉన్నాయి, ప్రతి యార్డులోనూ ఒక కాపలా కుక్క ఉంటుంది. దాన్ని తయారు చేసే పద్ధతి కూడా అందరిదీ ఒకటే. కుక్కపిల్ల కళ్లు తెరిచినప్పటి నుంచి సంగటిలో ఎర్రకారం కలిపి పెడతారు. కారం తింటే రోషం వస్తుందని మావాళ్ల నమ్మకం. పగలంతా మనుషుల ముఖం కనబడకుండా బండల వరుసల మధ్య సందులో కట్టేస్తారు, చీకటి పడ్డాక వదులుతారు. మా నాయన కూడా తన నాయన చేసినట్టే చేశాడు. ఇందులో తప్పుందని మాకెవరికీ తోచలేదు. మేము తినే కారమే కదా దానికీ పెడుతున్నాం అనుకున్నాం.

ఈ వేసవి మొదట్లో ఆ కుక్క మా నాయననే కరిచింది. గొలుసు కాలికి చుట్టుకుని అది సందులో ఇరుక్కుపోయి మూలుగుతుంటే, విడిపిద్దామని చెయ్యి పెట్టాడు. ముంజేతి మీద పళ్లు లోతుగా దిగాయి. ఆసుపత్రికి పోదామంటే వినలేదు, సున్నమూ పసుపూ పట్టించి గుడ్డ కట్టుకున్నాడు. ఆ మధ్యాహ్నమే అహోబిలం వైపు బండల లోడు పోతోంది. కుక్కను గోనె కప్పి లారీలో వేయించి, "అహోబిలం దాటినంక అడవిలో యాడన్నా దించేసి రా" అని డ్రైవరుకు చెప్పాడు. వీధుల్లో తిరిగి పెరిగిన కుక్కయినా ఆ అడవిలో రెండు రోజులు బతకదు, ఇది అసలు యార్డు గేటు దాటి లోకం చూడనిది. ఆ సంగతి నాకు తెలుసు, నాయనకూ తెలుసు.

లారీ గేటు దాటుతుండగా డ్రిల్లు సార్ ఎదురొచ్చాడు. మార్కెట్టు నుంచి కూరగాయల సంచితో వస్తున్నాడు. గోనె కింద నుంచి వచ్చే ఏడుపు విన్నాడేమో, రోడ్డు మధ్యలో నిలబడి చెయ్యెత్తాడు. రిటైరై ఎన్నేళ్లయినా ఆ చెయ్యి లేస్తే ఆగకుండా ఉండటం డోన్‌లో ఎవరి తరమూ కాదు. డ్రైవరు కూడా ఆయన దగ్గర చదువుకున్నవాడే.

"ఆ కుక్కను దించు" అన్నాడు సార్.

మా నాయన గేటు దగ్గరికొచ్చాడు. ఊరంతా సార్ అని పిలిచే మనిషిని మా నాయన ఏనాడూ సార్ అనలేదు. ఆయన కాలనీ ట్రాకుకు అవతల, మా వీధి ఇవతల. ఎందుకు అనలేదో మా దిక్కు వాళ్లకు విడమరిచి చెప్పనక్కర్లేదు. "నీకేంటికప్పా? నా కుక్క, నా ఇష్టం" అన్నాడు.

"నీ కుక్కే అయితే అడవిలో ఏంటికి వదుల్తాండావన్నా?"

సార్ జవాబు కోసం ఆగలేదు. నాయన చేతికి ఉన్న గుడ్డ విప్పించి, కొళాయి కింద పెట్టించి, సబ్బుతో చాలాసేపు కడిగించాడు. తర్వాత తనే వెంటబెట్టుకుని ఆసుపత్రికి తీసుకుపోయాడు. ఇంజక్షన్లు ఒక్కటి కూడా తప్పకుండా అన్నీ వేయించేదాకా వదల్లేదు. కుక్కను పశువుల డాక్టరుకు చూపించాడు. దానికి జబ్బేమీ లేదని తేలాక దానికీ టీకా వేయించాడు. అప్పుడు నాయన దగ్గర ఒక గడువు తీసుకున్నాడు. ఈ ఎండాకాలం దాటేలోపు కుక్క మనుషుల మధ్య మసిలేటట్టు కాకపోతే, మళ్లీ లోడు పోయేటప్పుడు లారీ ఎక్కించుకోవచ్చు, తాను అడ్డం రాడు. కుక్క బతుకు ఆ గడువు మీద నిలబడింది.

మర్నాటి నుంచి ఆయన దినచర్య మారింది. కారం బంద్. సంగటిలో మజ్జిగ కలిపి పెట్టించాడు. కుక్కను సందులోంచి తీసి, గేటు పక్కన రేకుల షెడ్డు కిందికి, వచ్చేపోయే మనుషులు కనబడే చోటికి మార్చాడు. గొలుసు పొడుగు చేశాడు. గొలుసు అందని చోట ఒక బండ వేయించి, దాని మీద కుక్కకు వీపు తిప్పి కూర్చుని పేపరు చదువుకునేవాడు. కుక్క గొంతు పోయేదాకా అరిచేది. ఆయన ఒక పేజీ తిప్పేవాడు. యార్డులో పనిచేసేవాళ్లు బండలు మోయడం ఆపి మరీ చూసేవాళ్లు, పెద్దాయనకు మతి చెడిందని గుసగుసలాడేవాళ్లు. కొన్నాళ్లకు అరుపులు తగ్గాయి. కుక్క పడుకుని ఆయన వీపును చూడటం మొదలుపెట్టింది.

సరిగ్గా అప్పుడు ఆయన లేచి మా నాయనతో, "ఇంక నువ్వు కూర్చోవల్ల" అన్నాడు.

"నేనేంటికి? నీకు అలవాటైంది కదప్పా, నువ్వే కానీ."

"నాకు అలవాటైతే నాకేం లాభం, దానికేం లాభం? అది ఉండేది నీ కాడ. కరిచింది నిన్ను. నువ్వే కూర్చోవల్ల."

నాయన కూర్చున్నాడు. ఊళ్లో ఎవరి ముందూ తల వంచని మనిషి, వీపు మీద చెమటలు కారుతుంటే మాటిమాటికీ వెనక్కి తిరిగి చూశాడు. సార్ నవ్వాడు. "గొలుసు పొడుగు నేను కొలిచి చూసినాను, అది నీకు అందదు. అయినా భయపడ్తాండావు చూడు. ఎవరెప్పుడు ఏం చేస్తారో తెలీకుండా కూర్చోవడమంటే ఇట్ల ఉంటాది. అది పుట్టినప్పట్నుంచి ఇట్లనే ఉండాది."

సార్ ఎడమ పిక్క మీద ఒక పెద్ద మచ్చ ఉండేది. నిక్కరు వేసుకునే మనిషి కాబట్టి బడిపిల్లలందరం దాన్ని చూశాం, అడిగే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. మా నాయన ఒకరోజు బండ మీద కూర్చునే అడిగేశాడు. సార్ పేపరు మడిచి చెప్పాడు. చిన్నప్పుడు శెనక్కాయ చేనిలో మిగిలిన కాయలు ఏరుకోవడానికి పోతే, చేను ఆసామి కుక్కను వదిలాడట. "ఆ కుక్క మీద నాకెప్పుడూ కోపం రాలేదన్నా. దానికీ కారం సంగటే. నోరు మండుతాంటే అది మాత్రం ఏం చేస్తాది?" అన్నాడు. అది ఏ ఊరి చేనో, ఎవరి చేనో ఆయన చెప్పలేదు. నాయన కూడా అడగలేదు. ఆ పూట చాలాసేపు ఇద్దరూ ఒకే బండ మీద కూర్చుని ఉండటం చూశాను. అమ్మ టీ పంపిస్తే రెండూ ఒకే రకం గ్లాసుల్లో వచ్చాయి. ట్రాకు అవతలి మనిషికి మా ఇంట్లో అట్లా ఇవ్వడం అదే మొదలు.

నాయనలో మార్పు నాకు నవ్వు తెప్పించేది. సంగటిలో మజ్జిగ చాలలేదని అమ్మను కసిరేవాడు. పాలిష్ దుమ్ము పడీ పడీ బూడిద రంగుకు తిరిగిన ఆ నల్ల కుక్కకు బూడిదోడు అని పేరు పెట్టి, ఎవరూ లేరనుకున్నప్పుడు దానితో మాట్లాడేవాడు. కానీ ఓపిక మా వంశంలోనే లేదు. ఒకనాడు బండ దిగి గొలుసు అందే చోటికి పోయి, అది దగ్గరికి వచ్చి వాసన చూస్తుంటే, తల నిమురుదామని చటుక్కున చెయ్యి చాచాడు. అది పళ్లు బయటపెట్టి గాలిలో కొరికింది. అంతవరకు చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరైంది. మళ్లీ నాలుగు రోజులు అది షెడ్డు మూల నుంచి కదల్లేదు.

ఆ రోజు సార్ గ్రౌండులో అరిచినట్టే అరిచాడు, కుక్కను కాదు, మా నాయనను. "ముట్టుకోవల్లని నీకుండాది. ముట్టించుకోవల్లని దానికుండాదా లేదా చూడవా? చేతులు ఒళ్లో పెట్టుకో. అది తనంతట తాను వచ్చి నీకు ఆనుకోవల్ల. ఆ పొద్దు గొలుసు విప్పు. అంతవరకు అది నీ కుక్క అని యాడా చెప్పొద్దు." మా నాయన మీద అట్లా అరిచి గేటు బయటికి నడిచి పోయిన మనిషి ఇంకొకరు లేరు. నాయన మర్నాడు సార్ కంటే ముందే లేచి బండ మీద కూర్చున్నాడు.

పని అట్లా సగంలో ఉండగానే సార్ పోయాడు.

మా నాయన ట్రాకు దాటి ఆ కాలనీలోకి మొదటిసారి పోయింది సార్‌ను మట్టి చేసిన రోజే. చర్చి బయట పాత విద్యార్థులు, తలలు నెరిసినవాళ్లంతా, ఎవరూ చెప్పకుండానే వరుసల్లో నిలబడి ఉన్నారు. నాయన చివరి వరుసలో నిలబడ్డాడు. సమాధుల దొడ్డిలో తన వంతు వచ్చినప్పుడు పిడికెడు మన్ను వేసి, చెయ్యి దులుపుకోకుండా ఇంటికి నడిచాడు. నాకు ఏడుపు ఆగలేదు. చిన్నప్పుడు ఆయన చేత దెబ్బలు తిన్నప్పుడు కూడా అంత ఏడవలేదు.

రెండు రోజులకు లారీ డ్రైవరు వచ్చాడు. వాడు చెడ్డవాడు కాదు, సార్ పెట్టిన గడువు గుర్తుపెట్టుకున్నాడు. "ఎల్లుండి అహోబిలం దిక్కు లోడు పోతాండాదన్నా. వానలు కూడా వచ్చేటట్టుండాయి. దాన్ని ఎక్కించమంటారా?" అన్నాడు.

"ఆ మాట మళ్లీ ఎత్తొద్దు. సార్ చెప్పిన పని ఇంకా కాలేదు" అన్నాడు నాయన.

ఆ రోజు నుంచి నేను కూడా ఒక పని పెట్టుకున్నాను. రోడ్డు పొడుగునా ఉన్న యార్డులకు పోయి, కుక్కలకు కారం పెట్టడం మానమని చెబుతున్నాను, టీకాలు వేయిస్తానని చెబుతున్నాను. పక్క యార్డు ఆయన నవ్వాడు. "ఏమప్పా, మీ ఇంటోళ్లంతా డ్రిల్లు మాస్టర్లయిపోయినారే" అన్నాడు. నవ్వనీ. రేపు మళ్లీ పోతాను, ఎల్లుండీ పోతాను. ఎవరో ఒకరు ఒక కుక్కపిల్లకైనా మజ్జిగ సంగటి పెట్టకపోరు. సార్ ఇంతకంటే మొండి ఘటాలను దారికి తెచ్చాడు, మా క్లాసే అందుకు సాక్ష్యం.

మొన్న ఒక వాన పడింది. తెల్లారి బండలన్నీ కడిగినట్టు మెరుస్తున్నాయి. నాయన కండువా పరుచుకుని ఎప్పటిలాగే వీపు తిప్పి కూర్చున్నాడు. ఇప్పుడు ఆ బండ గొలుసు అందేంత దూరంలోనే ఉంది. నేను ఆఫీసు గది కిటికీలోంచి చూస్తున్నాను. గొలుసు నేల మీద ఈడ్చుకుంటున్న చప్పుడైంది. బూడిదోడు మెల్లగా వచ్చాడు. వాడు నాయన చొక్కా వాసన చూశాడు, మెడ దగ్గర చూశాడు. నాయన భుజాలు బిగుసుకున్నాయి కానీ తల తిప్పలేదు. చేతులు ఒళ్లోనే ఉన్నాయి. కుక్క ఒకసారి చుట్టూ తిరిగి, బండ ఎక్కి, తన వీపును నాయన వీపుకు ఆనించి కూర్చుంది. దాని ముఖం అటు, ఈయన ముఖం ఇటు.

అప్పుడే గేటు బయట, బండల లోడుకు వచ్చిన లారీ హారన్ మోగింది. నాయన ఒక చెయ్యి పైకెత్తాడు, ఆగమని. రెండో చెయ్యి, కరిపించుకున్న ఆ చెయ్యే, వెనక్కి తిరక్కుండానే తడుముకుంటూ పోయి కుక్క మెడపట్టీ కొక్కేన్ని పట్టుకుని విప్పింది. గొలుసు బండ మీద పడిన చప్పుడు నాకు కిటికీ దాకా వినిపించింది. కుక్క లేవలేదు. నాయనా లేవలేదు. మూసిన ఊచల గేటు అవతల డ్రైవరు ఇంజను ఆపేసుకుని, అట్లాగే ఎదురుచూస్తూ నిలబడ్డాడు.