గట్టాపెర్చా చెట్టు చూడటానికి వెళ్ళిన ఆదివారం

సింగపూర్ వచ్చినవాళ్ళు జూకో బీచికో వెళ్తారు. నేను ఒక చెట్టు కోసం వెళ్ళాను. ఐటీ వాళ్ళ కోసం కంపెనీలు ఎగబడుతున్న రోజులవి. మా ఆఫీసు రాఫెల్స్ ప్లేస్‌లో. సముద్రం అడుగున ఉన్న కేబుల్ మీదుగా చెన్నైకి నడిచే ఒక బ్యాంకు లైన్లు చూసుకోవడం మా పని. నా టీములో సలీమ్ అని హైదరాబాదు ఇంజనీరు ఉండేవాడు. ఒకరోజు టీ తాగుతూ, "మేడమ్, ఎనకట సముద్రంల ఏసే టెలిగ్రాఫ్ తీగలకు పైన ఏం చుట్టేటోళ్ళో తెల్సా? ఇక్కడి గట్టాపెర్చా చెట్టు పాలు. ఆ చెట్టు గార్డెన్ల ఉన్నదంట, పోయి చూద్దామా?" అన్నాడు. వెంటనే సరేనన్నాను. అందులో చెట్టు మీద ఆసక్తి సగమే, మిగతా సగం తప్పు చేశానన్న బెరుకు. సలీమ్ భార్యకు హైదరాబాదులో నెలలు నిండుతున్నాయి. మూడు వారాల సెలవు కోసం అతను కాగితం ఇచ్చి పది రోజులైంది. "పైకి పంపాను, చూద్దాం" అని చెప్పాను. అది నా హ్యాండ్‌బ్యాగులోనే ఉంది. పాత లైన్లు కొత్తవాటికి మార్చే పని పూర్తయ్యేదాకా అతన్ని వదలడం నాకిష్టం లేదు. అంత పనిమంతుడు టీములో ఇంకొకడు లేడు మరి.

ఆదివారం సలీమ్ సెరంగూన్ నుంచి బస్సులో నేనుండే బిషాన్ వచ్చాడు. ఎనిమిదింటికి రైలెక్కి ఆర్చర్డ్‌లో దిగాం, పావుగంట కూడా పట్టలేదు. అక్కడి నుంచి బొటానికల్ గార్డెన్‌కి బస్సు పది నిమిషాలు. లోపలికి టికెట్ లేదు. దారంతా సలీమ్ పుట్టబోయే బిడ్డకు పేర్లు వెతుకుతూనే ఉన్నాడు, సెలవు మాట మాత్రం ఎత్తలేదు. అడిగి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

చెట్టు మామూలుగానే ఉంది, ఆకు తిరగేస్తే మాత్రం అడుగున రాగిరంగు. మా తెలుగు విని, పక్కన ఆకులు ఊడుస్తున్న పెద్దాయన దగ్గరకొచ్చాడు. వాళ్ళ తాత విశాఖ వైపు నుంచి మలయా రబ్బరు తోటల్లో పనికి వచ్చాడట.

"రబ్బరు చెట్టులా దీనికి కూడా గాట్లు పెట్టి పాలు తీసేవారా అంకుల్?" అని అడిగాను.

"దీనికట్టా కారదమ్మా. సెట్టు మొత్తం పడగొట్టి, బెరడు మీద గాట్లెట్టి తీసేటోళ్ళు. తెల్లదొరలకి తీగలు కావాల, అడివిలోకి పోయి కొట్టేటోళ్ళకి కూలి కావాల. కొన్నేళ్ళకే హబిస్." అరచేతులు దులిపి చూపించాడు. అంతా అయిపోయిందని మలయ్‌లో.

"మరి మల్ల నాటలేదా?" అన్నాడు సలీమ్.

"పెరిగేదాకా ఆగే ఓపిక ఎవరికుంటాది?" అంటూ ఆయన చీపురందుకున్నాడు.

పదకొండున్నరకి తిరుగు రైల్లో టోవా పాయోలో దిగి, చవక తిండి కొట్లన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్‌కి వెళ్ళాం. ఆదివారం జనం, కాలు పెట్టే సందు లేదు. ఇక్కడ ఖాళీ బల్ల కనబడితే ముందు దానిమీద టిష్యూ ప్యాకెట్ పెట్టాలి, దాన్నే చోప్ చేయడమంటారు. ఆ తర్వాతే వెళ్ళి తిండి తెచ్చుకోవాలి, ఆ బల్ల ఇంకెవరూ ముట్టరు. నా బ్యాగులో టిష్యూలు లేవు. చేతికి తగిలిన మడత కాగితాన్ని బల్ల మీద పెట్టి, ఎగిరిపోకుండా ఒక అంచు మీద నీళ్ళ సీసా ఉంచి, కాఫీకి వెళ్ళాను. రెండు కప్పులతో తిరిగొచ్చేసరికి సలీమ్ రెండు ప్లేట్ల వేయించిన నూడుల్స్, ఇక్కడి మాటలో మీ గోరెంగ్, తెచ్చి కూర్చుని ఉన్నాడు. ప్లేటు మూడు డాలర్లు. ఫ్యాను గాలికి కాగితం మడత విప్పుకుంది. అతని సెలవు కాగితం. నా సంతకం ఉండాల్సిన చోటు తెల్లగా ఉంది.

"పైకి పంపినా అన్నరు కద మేడమ్," అన్నాడు నెమ్మదిగా.

సిగ్గుతో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. "పంపలేదు సలీమ్. అబద్ధం చెప్పాను. నువ్వెళ్తే పని ఆగిపోతుందని," అన్నాను.

అతను కోప్పడలేదు. "నూడుల్స్ చల్లారుతున్నయ్, తినుండ్రి," అన్నాడు. నేను ముందు పెన్ను తీశాను.

సలీమ్ ఆ శనివారమే విమానమెక్కాడు, కూతురు పుట్టడానికి రెండు రోజుల ముందే ఇల్లు చేరాడు. లైన్ల మార్పు పది రోజులు ఆలస్యమైంది, చీవాట్లు నేనే తిన్నాను, కొంప మాత్రం మునగలేదు. ఆ చెట్టు దగ్గరికి తర్వాత కూడా వెళ్ళాను. ఆ తీగల మీద కబురు అందుకుని మురిసిన లండన్ దొరలు ఈ చెట్టు మొహం చూసి ఉండరు. నేను సలీమ్ మొహం రోజూ చూస్తూనే ఉన్నాను.

మీరు వెళ్తే పొద్దున్నే వెళ్ళండి, ఎండ ముదరకముందే చూసి రావచ్చు. బ్యాగులో టిష్యూ ప్యాకెట్ మరిచిపోకండి. నాకైతే, మరిచిపోవడమే మంచిదైంది.