వరుస అయ్యేదాకా

పక్కింటి ఆపా పోయింది. శుక్రవారం పొద్దున, టీ గ్లాసు చేతిలో ఉండగానే. ఆపా అంటే అక్క. మార్కాపురంలో మా గోడకవతల ముప్పై ఏళ్లు బతికిన మనిషి.

నాకు దేవుణ్ణి చూపించడానికి మావాళ్లు తక్కువ కష్టపడలేదు. ఇంట్లో పాలరాతి పూజగది కట్టించారు. అందులో దీపం వెలిగిస్తూనే కోడలి మీద నోరు పారేసుకునేదాన్ని. మా అబ్బాయి గిద్దలూరు రోడ్డులో ఒక ధ్యానమందిరానికి తీసుకెళ్లాడు. అక్కడ ముందు కుర్చీ కోసం ఇద్దరితో తగాదా పడి, గెలిచి వచ్చాను.

ఒకరోజు కోడలి మీద ఫిర్యాదులన్నీ మోసుకుని ఆపా ఇంటికి పోయాను. వరండాలో పాత చీరలు పరిచి బొంత కుడుతోంది. ఒక సూది నా చేతిలో పెట్టింది.

"ముందు ఈ వరుస కుట్టు చెల్లే. అయ్యేదాకా నోరు తెరవగూడదు. ఆ పైన నీ కోడలి సంగతి."

"ఇదేంది ఆపా, శిక్షా?"

"మా అమ్మ పెట్టిన పద్ధతి. ఆమెకు ఆరుమంది ఆడపిల్లలం మరి!"

ఆ పక్క ఆమె, ఈ పక్క నేను, ఎవరి వరుస వాళ్లం. కుట్టడం అయ్యేసరికి నా ఫిర్యాదుల్లో సగం గుర్తులేవు. మిగతా సగంలో తప్పు నాదే.

ఆ తరువాత రోజూ పోయాను.

"దేవుడు నాతో ఎప్పుడూ మాట్లాడడు ఆపా" అన్నానొకసారి.

ఆమె దారం తెంపుతూ, "నువ్వు ఆగితే గదా చెల్లే, ఆయనకు సందు దొరికేది!" అంది.

"గుడి మానేసి వాళ్లింట్లో కూర్చుంటావు, ఏం దొరుకుతాది నీకు?" అని మా ఆడబిడ్డ నిలదీసింది. "సూది" అన్నాను. ఎవరేమనుకున్నా సరే, నా మనసు ఇంత ఎదిగిందంటే ఆ సిమెంటు వరండాలోనే. పాలరాయి నన్ను క్షమించాలి.

నిన్న మళ్లీ పోయాను. ఆపా కోడలు బొంత తెచ్చి పరిచింది. ఎదురుపక్క ఆపా సూది సగం వరుసలో గుచ్చి ఉంది. నా వైపు వరుస నేను మొదలుపెట్టాను. ఇంతలో మా అబ్బాయి గేటు దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, ఆమె లేదు గదా, ఇంక ఇక్కడేం పని? మందిరంలో నీ పేరు రాయించినా. ముందు కుర్చీనే ఇస్తామన్నారు."

నాలుక చివరికి పది జవాబులు వచ్చాయి, ఒకదాన్ని మించి ఒకటి. వరుస ఇంకా జానెడు ఉంది. కుట్టాను. దారం తెంపాను. ఇక మాట్లాడవచ్చు. వాడూ అందుకే చూస్తున్నాడు.

లేచి ఎదురుపక్కకు వెళ్లి, ఆపా కూర్చునే చోట కూర్చుని, సగంలో ఆగిన ఆ సూది అందుకున్నాను.