వయసు తెలియని జేడ్ గేదె

నిన్న నగల దుకాణంలో ఓ అమ్మాయి నా చేతికి ఆకుపచ్చ రాతి గాజు తొడిగింది. ఆ చల్లదనం తగలగానే దుబాయ్ పక్కనున్న షార్జాలోని జానకి గారి దుకాణం గుర్తొచ్చింది. 2005లో పెళ్లై దుబాయ్ వెళ్లిన కొత్తలో నా మొదటి ఉద్యోగం అక్కడే. ఆమెది కాకినాడ. ఓడల్లో ఇంజనీరైన భర్తతో రేవులు తిరుగుతూ జేడ్ అనే పచ్చరాతితో చైనావారు చెక్కిన పాతకాలపు బొమ్మల మీద మోజు పెంచుకున్నారు. ఆయన పోయాక ఆ మోజే వ్యాపారమైంది. అరచేతిలో ఇమిడే గేదెలు, బాతులు, ముడుచుకుని పడుకున్న కుక్కలు అద్దాల బీరువాల నిండా ఉండేవి.

మొదటిరోజు నేనొక గేదెను రెండు వేళ్లతో భయంభయంగా పట్టుకుంటే ఆమె పకపకా నవ్వారు. “ఏవమ్మాయ్, అదేమన్నా కరుస్తుందా? గుప్పిట్లో పెట్టుకో. అలా పట్టుకుని మురిసిపోడానికే చేశారు దాన్ని.” కళ్లు మూసుకుని వేలితో దాని వెన్ను నిమరమన్నారు. కాసేపటికి ఆ రాయి నా చేతి వేడిని పుచ్చుకుని, నిజంగానే ఊపిరి తీసుకుంటున్నట్టనిపించింది. రోజూ పొద్దున్నే బొమ్మలు తుడుస్తూ వాటికి మా చుట్టాల పేర్లు పెట్టి నవ్వుకునేవాళ్లం. బద్ధకంగా తల వాల్చిన ఆ గేదెకు మా మేనమామ పేరు పెట్టాను.

ఆ ఏడాది బేరాలు బాగా పడిపోయాయి. దుకాణం మూసేయాల్సి వస్తుందేమోనని జానకి గారే అనేవారు. అలాంటప్పుడు ఇలాంటి బొమ్మలు సేకరించే ఒక అరబ్బు పెద్దాయన వచ్చి, గేదె మీద మనసు పారేసుకున్నారు. “ఇది చాలా పాతదని కాగితం రాసివ్వు. బీరువా మొత్తం తీసుకుంటా, ఖలాస్” అన్నారు హిందీలో. జానకి గారు గేదెను దీపం కింద అటూ ఇటూ తిప్పి చూశారు. “పాతదే కావచ్చు, మొన్నమొన్నటిదీ కావచ్చు. నాకు తెలీదండీ” అన్నారు. ఆయన మొహం ముడుచుకుని వెళ్లిపోయారు.

నాకు ఏడుపొక్కటే తక్కువ. “అయ్యో మేడమ్, ఒక్క ముక్క రాసిస్తే ఏం పోతుండె? గాయన మల్ల రాడు. దుకాణం బందైతే ఏం జేస్తం?”

“రాకపోతే మానె. తెలీనిది తెలుసని రాసిచ్చి, రేపట్నుంచి వీటిని ఏ మొహం పెట్టుకుని అమ్మనే? పద, టీ తాగుదాం.”

వారం తిరక్కుండానే ఆయన మళ్లీ వచ్చారు. వెనకాల డ్రైవరు చేతిలో బొమ్మలు నింపిన రెండు సూట్‌కేసులు. “తెలియదని నాతో అన్న వ్యాపారివి నువ్వొక్కదానివే. నా దగ్గరున్నవాటి సంగతి తేల్చు. యల్లా, కానివ్వు!” అంటూ తివాచీ మీదే కూర్చున్నారు. జానకి గారు పాతవన్నీ ఒకవైపు, కొత్తవన్నీ ఒకవైపు, తెలియనివన్నీ మధ్యలో పెట్టసాగారు. మధ్య కుప్ప పెరిగేకొద్దీ మా నవ్వులూ పెరిగాయి. ఆయనకు ప్రాణమైన సింహం కొత్తవాటిలో చేరింది. క్షణం బిక్కమొహం వేసి, “ఇన్నేళ్లూ దీనికి సలాం కొట్టానే!” అని కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారాయన. పోతూ పోతూ ఏ కాగితమూ అడక్కుండా గేదెను కొనుక్కుపోయారు. తర్వాత స్నేహితుల్నీ వెంటబెట్టుకొచ్చారు. దుకాణం నిలబడింది.

2008లో మేం తిరిగొచ్చేశాం. ఇప్పుడు వరంగల్‌లో బడిపిల్లలకు పాఠాలు చెబుతున్నాను. జవాబు తెలియని ప్రశ్న ఎవరైనా అడిగితే, జానకి గారిలాగే తల దించుకోకుండా “నాకు తెలియదురా” అంటాను. పిల్లలు ముందు ఆశ్చర్యపోతారు. ఆ తర్వాత అందరం కలిసి వెతకడం మొదలుపెడతాం. రోజు మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన సమయం అదే.