రేకుల షెడ్డులో రైలింజను

బందరులో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో ఒక రైలింజను కట్టాను. ఆడుకునే బొమ్మ కాదు. బొగ్గు వేసి నీళ్ళు పోస్తే ఆవిరితో నడిచే అసలైన ఇంజనే, కాకపోతే నా మోకాలి ఎత్తు కూడా ఉండదు. పాలిటెక్నిక్ వర్క్‌షాపులో లేత్ మిషన్ పని నేర్పడం నా ఉద్యోగం. ఆదివారాలన్నీ ఆ షెడ్డులోనే గడిచిపోయేవి.

సిలిండర్లు బిగిస్తున్న రోజుల్లో మా అక్క వచ్చింది. ఆవిణ్ణి దివిసీమలో చేపల చెరువులు చేసే బావకిచ్చి పెళ్ళి చేశాం. ఆటో దిగేటప్పటికి ఎడమ మణికట్టు వాచిపోయి ఉంది. కింది పెదవి చిట్లింది.

"పడ్డావా?" అన్నాను, తెలిసే.

"చెయ్యి తలుపు సందులో పెట్టి తలుపేశాడు," అంది. "ఇంతకు ముందైతే పెద్దమనుషులొచ్చి నచ్చజెప్పి తీసుకెళ్ళేవాళ్ళు. ఈసారి మాత్రం పంపకురా."

పంపనన్నాను.

చేతి కట్టు విప్పాక డాక్టరు వేళ్ళకి పని చెప్పమన్నాడు. అక్క షెడ్డులోకి వచ్చి ఆకురాయి పట్టుకుంది. ఇంజను చక్రాల ఆకులు ఆవిడే నున్నగా రాసింది. ఆ రాపిడి శబ్దం వీధిలోకి వినిపించేది.

"ఎవర్ని తల్చుకుని రాస్తున్నావో గానీ, చక్రం అరిగిపోయేలా ఉంది," అన్నానొకసారి.

"నున్నగా వస్తోందా లేదా, అది చూడు."

మొదటిసారి ఆవిరి పట్టిన రోజు నా భార్య గుడివాడలో పుట్టింటికి వెళ్ళింది. ఇంజన్ని పొట్టి ఇనప స్టాండు మీద నిలబెట్టాను, చక్రాలు గాల్లో తిరిగేలా. రాగి బాయిలరు కింద బొగ్గులు అంటుకున్నాయి. ప్రెషర్ ముల్లు మెల్లగా పైకి లేచింది. మీట తిప్పగానే చక్రాలు ఒక్కసారి వణికి, తిరగడం మొదలుపెట్టాయి. అక్క రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. ఆవిడ నవ్వడం ఎన్నాళ్ళ తర్వాతో చూశాను.

సందులో మోటార్ సైకిల్ ఆగింది. బావ తిన్నగా షెడ్డులోకి వచ్చాడు. తాగి లేడు. స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు.

"పద ఇంటికి," అన్నాడు.

"రాను."

ఇంకో మాట లేదు. జడ పిడికిలికి చుట్టుకుని కిందకి గుంజాడు. అక్క మోకాళ్ళ మీద పడింది. ఆ జడ పట్టుకునే గుమ్మం వైపు ఈడ్చాడు. నేను అతని చెయ్యి పట్టుకున్నాను. బల్ల మీద సుత్తి అందుకుని నా కుడి భుజం మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు నాకే వినిపించింది. ఇంజను పక్కనే కూలబడ్డాను. రెండో దెబ్బ నా తలకి గురిపెట్టాడు. నేను పక్కకి ఒరగడంతో అది బాయిలర్లో నీటి మట్టం చూపే గాజు గొట్టానికి తగిలింది. గొట్టం పగిలి, మరిగే నీళ్ళూ ఆవిరీ అతని చేతి మీదకి చిమ్మాయి. కేక పెట్టి సుత్తి వదిలేశాడు.

అంతలో అక్క లేచింది. గోడకి ఆనించిన ఇనప కడ్డీ తీసుకుని అతని మోకాలి మీద కొట్టింది. అతను స్టాండు పక్కనే కూలబడ్డాడు. మళ్ళీ అదే మోకాలి మీద కొట్టింది. తర్వాత వీపు మీద. ఏడవలేదు, తిట్టలేదు. అతను "వద్దే, వద్దే" అంటున్నాడు. కడ్డీ తల మీదకి ఎత్తినప్పుడు పిలిచాను. వినిపించుకోలేదు. బాగున్న చేత్తో నడుం పట్టుకుని వెనక్కి లాగాను. ఇద్దరం పడిపోయాం.

అప్పుడు బాయిలరు గుర్తొచ్చింది. పగిలిన గొట్టంలోంచి నీళ్ళన్నీ పోతున్నాయి, కింద నిప్పు మాత్రం మండుతూనే ఉంది. గొట్టాన్ని మూసే మీట సుత్తి దెబ్బకి వంగిపోయింది. అక్క బకెట్టు అందుకోబోయింది.

"నీళ్ళు పొయ్యకు. కాలిన రాగి మీద పడితే పేలిపోతుంది. నిప్పే కిందకి దించాలి."

లాగితే నిప్పులు కింది ట్రేలోకి జారేలా పెట్టిన పిన్ను స్టాండుకి ఆ పక్కన ఉంది. దానికి అడ్డంగా బావ పడి ఉన్నాడు.

"ముందు ఇతన్ని బయటికి లాగాలి," అన్నాను.

"ఉండనీ," అంది.

ఆవిరి ఈల వేస్తోంది. ఆవిడ అతని మొహంలోకి చూసింది, ఎంతసేపో చెప్పలేను. తర్వాత వంగి, చంకల కింద చేతులు వేసి ఈడ్చుకుపోయింది. గుమ్మానికి మోకాలు కొట్టుకుని అతను స్పృహ తప్పాడు. నేను పటకారుతో పిన్ను లాగాను. నిప్పులు ట్రేలోకి జారిపడ్డాయి. బయటికి వచ్చి గోడకి ఆనుకుని కూర్చున్నాం. ఈల సన్నబడి ఆగిపోయింది. బాయిలరు పేలలేదు, కానీ దాని లోపలి రేకు కాలి సొట్టపడింది.

ఆ తర్వాత ఆసుపత్రి, పోలీసులు, రెండు వైపులా కేసులు. రాజీ చేద్దామని బావ తరఫు పెద్దలు మోపిదేవి రమ్మన్నారు. వెళ్ళాం.

"ఏమ్మా, కట్టుకున్నవాడి కాలు విరగ్గొట్టావంటగా?" అని ఒక పెద్దాయన అడిగాడు.

"తలకి గురి పెట్టానండీ," అంది అక్క. "మా తమ్ముడు ఆపాడు."

ఇక కాపరానికి పంపమన్న మాట మళ్ళీ ఎవరి నోటా రాలేదు. రెండు వైపులా కేసులు వెనక్కి తీసుకున్నాం. బందరు కోర్టులో విడాకులు వచ్చాయి. అతను కర్ర సాయంతో చెరువు గట్ల మీద తిరుగుతున్నాడని విన్నాం.

అక్క గుడివాడలో నీళ్ళ మోటార్లు బాగుచేసే షాపులో పనికి కుదిరింది. నా భుజం అతుక్కుంది గానీ చెయ్యి పూర్తిగా పైకి లేవదు. అందుకే కొత్త బాయిలరు చాలా నిదానంగా అయింది. పెరట్లో పట్టాలు పరిచి, అక్కని రమ్మన్నాను. వెనక చిన్న బండి తగిలించి, దాని మీద ఆవిణ్ణే కూర్చోబెట్టాను.

"బ్రేకు ఏదిరా?" అంది.

చూపించాను. గోడ దాకా నడిపి ఆపింది. వెనక్కి నడిపింది. మళ్ళీ బొగ్గు వెయ్యమంది. పక్కనే నడుస్తూ ఆవిడ చేతులు చూశాను. ఆ రోజు షెడ్డులో బావ కంటే అక్కని చూసే ఎక్కువ భయపడ్డాను. ఆ సంగతి ఆవిడకి ఎప్పుడూ చెప్పలేదు.